బాలమణిగారి బిచ్చపు బొంత

నార్త్ కరోలినా మొత్తం మీద నంబర్ వన్ బిచ్చగత్తె ఎవరంటే మా బాలమణిగారే. రెండువేల తొమ్మిదిలో ఆవిడ అడుక్కోని గుమ్మం క్యారీ ఊళ్ళో లేదు. ఆవిడ వస్తోందని తెలిసి పక్క ఊరు ఏపెక్స్‌లో జనం ఉతికిన బట్టలు డ్రైయర్‌లోంచి బయటికి తియ్యడం మానేశారు. రోడ్డు పక్క జెండాకర్రకి ఎగురుతున్న జెండాని ఆవిడ తలెత్తి ఒక్కసారి చూసిందంతే, మర్నాటికి దాన్ని దింపి లోపల దాచుకున్నారు. ఆవిడ కుట్టిన బొంతలో అడుక్కోకుండా వచ్చిన ముక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

పెద్దావిణ్ణి పట్టుకుని ఇంత మాటన్నానేమిటని మీరు నొచ్చుకోకండి. ఇది తిట్టు కాదు, బిరుదు.

బాలమణిగారిది మండపేట. ఆవిడ అల్లుడు వేణుమాధవ్ నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. వాడు డిగ్రీ పూర్తి చేశాడు. నేను మూడో ఏట కాలేజీని వదిలేశాను, ఆ దెబ్బ నుంచి కాలేజీ ఇంకా కోలుకోలేదని వింటుంటాను. మా ఆవిడ సుధది మందుల కంపెనీలో ఉద్యోగం. ఆవిడది హెచ్-వన్ వీసా, నేను ఆవిడ మీద డిపెండెంట్. నేను పని చేస్తే నేరం. ఇంత పెద్ద దేశం ఒక మనిషిని పిలిచి, నాయనా నువ్వు మాత్రం ఖాళీగా కూర్చో అని పాస్‌పోర్టులో ముద్ర కొట్టి మరీ బతిమాలిందంటే, అందులో నా గొప్పతనం కొంత ఉండే ఉంటుంది. మొత్తానికి పగటిపూట క్యారీలో కారూ తీరికా రెండూ ఉన్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక జాహ్నవి సంగతి. వేణుగాడి భార్య, బాలమణిగారి ఒక్కగానొక్క కూతురు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారైతే గదికి రంగు వేయించి, క్రిబ్, అదే కటకటాల ఉయ్యాలమంచం, బిగించి, చిన్నచిన్న సాక్సులు కూడా కొన్నాక పోయింది. ఆ క్రిబ్‌ని వేణుగాడు ఒక ఆదివారం ఒక్కడే కూర్చుని విప్పి, మా గరాజ్‌లో పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మూడోసారి డాక్టరు ఐదో నెలలోనే మంచం దిగొద్దంది. అప్పుడు దిగింది బాలమణిగారు, ఆర్నెల్ల వీసా స్టాంపుతో, రెండు సూట్‌కేసులతో.

దిగిన రోజే జాహ్నవి చెప్పేసింది. "అమ్మా, పాపకని ఈ ఇంట్లోకి ఏదీ రాకూడదు. కొనొద్దు, కుట్టొద్దు, అసలు ఆ మాటే ఎత్తొద్దు."

"సరేనమ్మా," అని బాలమణిగారు చారు పెట్టడానికి లేచింది.

మర్నాడు మా ఇంటికి వచ్చింది.

"ఏం బాబూ, మీరిద్దరూ ఈ డైనింగ్ టేబుల్ మీద కూర్చుని తింటారా?"

"అప్పుడప్పుడూ అండి, పిన్నిగారూ."

"అయితే కొన్నాళ్ళు సోఫాలో తినండి."

విషయం ఏమిటంటే, వాళ్ళ వైపు ఒక వాడుక ఉందట. కాన్పులు నిలవని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే ఆ బిడ్డని కొన్న గుడ్డలో పడుకోబెట్టరు. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళు కట్టి విడిచిన గుడ్డలోంచి చిన్న ముక్క అడుక్కొచ్చి, ఆ ముక్కలన్నీ కలిపి బొంత కుట్టి అందులో వేస్తారు. దిష్టి వచ్చి చూసి, ఇదెవరో బిచ్చగాళ్ళ బిడ్డలే అని పక్కింటికి పోతుంది. భిక్షమయ్యలూ బిచ్చాలమ్మలూ అలా బతికి బట్టకట్టినవాళ్ళే. షరతులు గట్టివి. ముక్క కొన్నది కాకూడదు, కొత్తది కాకూడదు, నోరు తెరిచి అడగాలి. నడిమి గడిలో మాత్రం తల్లి ఒంటి మీది గుడ్డ పడాలి. అదీ అడిగే తేవాలి.

"ఇవన్నీ మీరు నమ్ముతారా పిన్నిగారూ?"

"నమ్మకం సంగతి నాకు తెలీదు బాబూ. అది లోపల పడుకుని సీలింగు కేసి చూస్తుంటే నేను బయట కూర్చుని టీవీ చూడలేను. కారు తియ్యి."

తీశాను. ఏప్రిల్ నెల. పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లూ, మెయిల్‌బాక్సులూ, వాకిళ్ళూ అన్నీ పసుపు పూసినట్టున్నాయి. పేరంటానికి ఊరే ముందు తయారై కూర్చుందన్నమాట.

మొదటి ఇల్లు ఉమామహేశ్వరిగారిది. గుళ్ళో ఏ పూజ జరిగినా ప్రసాదాల లెక్క ఆవిడదే. బాలమణిగారు చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడి, కొంగు పట్టింది.

"అమ్మా, నువ్వు కట్టి విడిచిన చీరలోంచి ఓ చిన్న ముక్క ఇయ్యి. మనవడికో మనవరాలికో బొంత కుడుతున్నాను."

"అయ్యో అయ్యో, పెద్దవారు, మొదటిసారి మా ఇంటికొచ్చారు, మీకు పాతగుడ్డ ఇస్తానా అండీ," అని ఉమామహేశ్వరిగారు లోపలికి పరిగెత్తి, పళ్ళెంలో రెండు అరటిపళ్ళూ, కుంకుమా, మడత విప్పని జాకెట్టు ముక్కా పెట్టి తెచ్చి, కాళ్ళకి దణ్ణం కూడా పెట్టింది.

రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో అరటిపళ్ళు అయిపోయి యాపిల్ ఇచ్చారు. మన ఆడవాళ్ళు పెద్దముత్తయిదువ కొంగులో విడిచిన గుడ్డ ముక్క వెయ్యమంటే వేస్తారా? పాత బట్టలు ఎప్పుడో డొనేషన్ డబ్బాలో పడేశారు. ఇంట్లో మిగిలేవి ఇదిగో, ఈ జాకెట్టు ముక్కలే. ఎవరూ కుట్టించుకోరు. ఒక పేరంటంలో పుచ్చుకున్నది ఇంకో పేరంటంలో ఇచ్చేస్తారు. మా కారులో పడ్డవాటిలో ఒక చిలకపచ్చ ముక్కని చూసి సుధ గుర్తుపట్టింది, పోయిన దీపావళికి తనే ఎవరికో ఇచ్చిందట. ఆ ముక్క నా కారు కంటే ఎక్కువ మైళ్ళు తిరిగింది. దానికి ఒకసారి ఆయిల్ కూడా మార్పించారని నా అనుమానం.

ఊరు మొత్తంలో అడిగింది అడిగినట్టు ఇచ్చింది ఒక్క లిండాగారే. వేణుగాడి పక్కింటి తెల్లావిడ. బాలమణిగారు ఆవిడ గుమ్మంలో నిలబడి, తన చీర చూపించి, కత్తెర ఆడించినట్టు వేళ్ళు ఆడించి, చివరికి రెండు చేతులతో గాలిలో ఉయ్యాల ఊపింది. లిండాగారు లోపలికెళ్ళి, పోయిన మొగుడు తోటపనికి తొడుక్కునే గళ్ళ చొక్కా తెచ్చి ఇచ్చింది. మోచేతుల దగ్గర అరిగి దారాలు కనిపిస్తున్నాయి. బాలమణిగారు దాన్ని చెంపకి ఆనించుకుని చూసి, "ఇదీ గుడ్డంటే," అంది. లిండాగారికి తెలుగు రాదు గాని తల మాత్రం ఊపింది.

వారం తిరిగేసరికి మా టేబుల్ మీద ఒక పాత చొక్కా, ఒక కొండంత కొత్త గుడ్డ. నేనైతే ఏం చేసేవాణ్ణో మీకు తెలుసు, కాలేజీకి చేసిందే చేసేవాణ్ణి. ఆవిడ మాత్రం కొండకేసి కాసేపు చూసి, "తిరిగి ఎక్కించు," అంది.

"ఎక్కడికండీ?"

"ఎవరిది వాళ్ళకే."

మళ్ళీ ఉమామహేశ్వరిగారి గుమ్మం.

"ఇదిగోనమ్మా నీ ముక్క. వంటింట్లో తగిలించుకుని రోజూ చేతులు తుడుచుకో. ఉతుకు, మళ్ళీ తుడుచుకో. నెల తరవాత వచ్చి అడుగుతాను."

"అది పట్టు అంచుదండీ."

"మంచిదేగా. పట్టు మెత్తగా తుడుస్తుంది."

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ, పట్టుతో మసిగుడ్డ..."

"బాలమణి చెప్పిందని చెప్పు."

ఆ నెలంతా క్యారీలో తెలుగు వంటిళ్ళలో పట్టు అంచు జాకెట్టు ముక్కలే వేళ్ళాడాయి. పేపర్ టవల్సు కొనే దిక్కులేక స్టోర్ మేనేజరు వాటిని నడవలో పేర్చుకుని వాటి మీదే కునుకు తీశాడు. ఆంజనేయప్రసాద్‌గారని ఓ డేటాబేస్ ఆయన, భార్య భయానికి తనే చేతులు తుడిచీ తుడిచీ అరచేతుల్లో గీతలు పోగొట్టుకున్నాడు. ఇప్పటికీ ఆయనకి జ్యోతిష్యం చెప్పేవాడు లేడు.

ఇదంతా వేణుగాడికి తెలిసింది. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఎవరో, మీ అత్తగారు ఇంటింటికీ తిరుగుతోందట కదా అన్నారట. మా ఇంటికి వచ్చి నన్ను గరాజ్‌లోకి లాగాడు.

"ఒరేయ్, నాకు తల కొట్టేసినట్టుందిరా. నువ్వైనా వద్దని చెప్పొచ్చు కదా."

"చెప్పి చూడు. నేను బండి తోలేవాణ్ణి, బండి నాది కాదు."

వాడు ఇంకో దారి పట్టాడు. ఆన్‌లైన్‌లో బొంతల కోసమే కోసి అమ్మే గుడ్డ గళ్ళ ప్యాకెట్టు తెప్పించి టేబుల్ మీద పెట్టాడు. "అత్తయ్యగారూ, ఇవి రెడీమేడ్ అండి. మీరు తిరగక్కర్లేదు."

ఆవిడ ప్యాకెట్టుని మర్యాదగా పక్కకి జరిపింది. "బాగున్నాయి అల్లుడుగారూ. దాచుకోండి. మీరు కట్టుకుని విడిచింది ఏదైనా ఉంటే ఇప్పించండి."

అడిగేసింది కదా. వాడు నా కేసి చూశాడు. వెళ్ళి అరగంటలో తిరిగొచ్చాడు, చేతిలో తన నీలం గళ్ళ లుంగీతో. క్రిబ్ విప్పిన ఆదివారం కట్టుకున్నది అదే. నాకు గుర్తుంది. ఆవిడ అందుకుని, మడతపెట్టి లిండాగారి చొక్కా పక్కన పెట్టింది. ఆ సాయంత్రం జాహ్నవి, లుంగీ ఏదీ అని అడిగితే చిరిగిపోయిందన్నాడట. వేణుగాడు అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి, ఆ సంగతి క్లాసులో లాస్ట్ బెంచీకి కూడా తెలుసు.

నెల తిరిగాక మళ్ళీ గుమ్మం గుమ్మం ఎక్కింది. ఈసారి ముక్కలు దారికొచ్చి ఉన్నాయి. పసుపు మరకలు, చింతపండు మరకలు, ఒకదాంట్లో ఆవపిండి వాసన ఎన్ని ఉతుకులకీ పోలేదు. పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ అట్టపెట్టె కత్తిరించి అగ్గిపెట్టె అంత కొలత చేసుకుని, దాని ప్రకారం గళ్ళు కోసింది. అగ్గిపెట్టె అంటే అగ్గిపెట్టే. పెద్దవి కొయ్యండి పిన్నిగారూ, తొందరగా అయిపోతుంది అంటే, "అప్పుడు ఇన్ని ఇళ్ళు పట్టవుగా," అంది. అడుగున అస్తరుకి తను తెచ్చుకున్న బండారులంక నేతచీర వేసింది. సుధ కుట్టుమిషన్ అరువు తెస్తానంది. మిషన్ కుట్టు పసిబిడ్డకి గట్టిగా తగులుతుందట, వద్దంది. వేళ్ళకి టేప్ చుట్టుకుని చేత్తోనే కుట్టింది. ఒక వరస వంకర పోయిందని మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. మణికట్టు వాస్తే మా ఫ్రీజర్‌లోని పచ్చిబఠాణీ ప్యాకెట్టు దాని మీద పెట్టుకుని, అది కరిగాక మళ్ళీ సూది పట్టింది.

బొంత అయిపోయింది. నడిమి గడి తప్ప.

"అడిగారా పిన్నిగారూ?"

"లేదు."

"ఎప్పుడడుగుతారు?"

"నువ్వు కారు సంగతి చూసుకో."

రోజూ జాహ్నవికి అన్నం పెట్టి, కాళ్ళు పట్టి, అడగకుండా వచ్చేసేది. ఊరందరినీ అడిగిన మనిషికి కన్నకూతుర్ని అడగడానికి నోరు రాలేదు. అడిగితే, నేను నీకోసం ఒకటి కుడుతున్నానని చెప్పినట్టే. అది వద్దనే కదా జాహ్నవి మొదటి రోజే చెప్పింది. నేనొక ఉపాయం చెప్పాను, లాండ్రీ బాస్కెట్‌లోంచి ఓ చున్నీ లాగేద్దామని.

"అది దొంగగుడ్డ అవుతుంది," అంది. "ఖాళీగానే ఉండనీ."

ఆ ఖాళీ గడిలోంచి మా టేబుల్ చెక్క కనిపించేది. దాని చుట్టూ అంచు మాత్రం రెండుసార్లు కుట్టి గట్టిచేసి పెట్టింది, విప్పుకోకుండా.

జూలైలో, ఇంకా మూడు వారాలుందనగా, పట్టపగలు నొప్పులొచ్చాయి. వేణుగాడు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాడు. బాలమణిగారు ఫోన్ చేస్తే కారు వాళ్ళ వాకిట్లో పెట్టి, ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. బొంత వెనక సీట్లో సంచీలో ఉంది.

లోపల ఏం జరిగిందో నేను చూళ్ళేదు. కాని చూసినవాడి కంటే బాగా చెప్పగలను. బాలమణిగారు తలుపుకి అడ్డంగా నిలబడి కొంగు పట్టింది. "ముక్క వేస్తేనే గడప దాటనిస్తాను," అంది. జాహ్నవి కుదరదంది. హైకోర్టు ప్లీడర్లా తల్లి, సుప్రీంకోర్టు ప్లీడర్లా కూతురు, నొప్పికీ నొప్పికీ మధ్య వాయిదాలు. చివరికి జాహ్నవి తట్టుకోలేక తన పాత నైటీ అంచు పర్రున చింపి ఆ కొంగులో పడేసింది. ఇది తప్ప ఇంకోలా జరగడానికి వీల్లేదు, ఎందుకంటే ఇద్దరూ బయటికి వచ్చేసరికి బాలమణిగారి గుప్పెట్లో ఉతికి ఉతికి తెల్లబడ్డ గులాబిరంగు గుడ్డపేలిక ఉంది.

దారిలో ఎర్రలైటు పడ్డప్పుడల్లా ఒక టాకా వేసింది. ఆవిడ కోసం క్యారీలో లైట్లన్నీ ఎర్రగా పడ్డాయి, హాస్పిటల్ గుమ్మం చేరేటప్పటికి నడిమి గడి నాలుగు పక్కల్లో మూడు పక్కలు అయిపోయాయి. నాలుగో పక్క వెయిటింగ్ రూమ్‌లో కుట్టింది. పళ్ళతో దారం తెంపుతుండగా వేణుగాడు బయటికొచ్చాడు, చెవులు మామూలు రంగులో ఉన్నాయి. ఆడపిల్ల అన్నాడు. చిన్నది, కొన్నాళ్ళు అద్దాలపెట్టెలో ఉండాలి, కాని ఏడుపు కారిడార్ దాకా వినిపించిందన్నాడు.

ఇంటికి తెచ్చిన రోజు ఆ పిల్లని బొంతలోనే చుట్టి తెచ్చారు. ముందురోజు నేనూ వేణుగాడూ మా గరాజ్‌లోంచి క్రిబ్ తీసుకెళ్ళి బిగించాం. పేరు రిషిత. బాలమణిగారు మాత్రం, స్టాంపు అయిపోయి విమానం ఎక్కేదాకా, "ఒసే బిచ్చాలూ," అనే పిలిచింది.

ఇదంతా రాసి, మండపేటకి ఫోన్ చేసి బాలమణిగారికి చదివి వినిపించాను. జెండా గురించి ఏమీ అనలేదు. ఎర్రలైట్ల గురించీ అనలేదు. మొత్తం అయ్యేదాకా ఆగింది.

"నడిమి ముక్క నేను అడగలేదు భాస్కరూ," అంది. "నేను దాని చెప్పులు వెతుకుతున్నాను. అదే చింపి తెచ్చి చేతిలో పెట్టింది."