లింగమూర్తి బట్ట తిరగేసిన వైనం

సూరత్ చరిత్రలోకి ఓడలు ఎక్కాయి, కోటలు ఎక్కాయి, తాపీ నది వరదలు కూడా ఎక్కాయి. లింగమూర్తి బట్టను తిరగేసి చూసే అలవాటు మాత్రం ఎక్కలేదు. ఇది చరిత్రకారుల నిర్లక్ష్యమే. ఏ గుడ్డ చేతికిచ్చినా అతడు ముందువైపు చూడడు. అంచు పట్టుకుని, గర్భగుడి తెర తీసినంత భక్తిగా వెనక్కి తిప్పుతాడు. ఇరవై ఏళ్ల కిందట నవాగామ్‌లో మరమగ్గం నేర్పిన సోమలింగం నుంచి సంక్రమించిన విద్య అది. గురువు తిరగేసేవాడు కనుక శిష్యుడూ తిరగేశాడు. ఎందుకని అడగడం ఆ ఇంటా వంటా లేదు.

ఇప్పుడు లింగమూర్తి కామ్‌రేజ్‌లో చీరలు అచ్చువేసే కార్ఖానాలో పెద్ద ప్రింటర్ నడుపుతున్నాడు. కంప్యూటర్‌లోని డిజైన్‌ను రంగు చుక్కలుగా విడగొట్టి ప్రింటర్‌కు అందించే సాఫ్ట్‌వేర్ కొత్తది కొనాల్సి వచ్చింది. రెండు కంపెనీలు వాలాయి.

"లింగాభాయ్, చలానేవాలా తూ, చున్నేవాలా భీ తూ," అన్నాడు కార్ఖానా యజమాని సేఠ్, చాయ్ ఇప్పిస్తూ. నడిపేదీ అతడే, ఎంచేదీ అతడే. సరిగ్గా ఎంచితే రాబోయే కొత్త మిషన్ లింగమూర్తి చేతికే. రంగు చెడితే మళ్లీ మగ్గం మీదికే.

ఒకే నెమలి కొంగును రెండింటితోనూ అచ్చు వేయించారు. మొదటిది చూస్తే కళ్లు చెదిరాయి. రెండోది వినయంగా ఉంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన డిజైనర్ సంధ్యారాణి మొదటిదానికే ఓటేసింది.

లింగమూర్తి రెండూ తిరగేశాడు.

"అరే కాకా! ఇది ప్రింట్, మగ్గం బట్ట కాదు. ఎనుక ఏముంటది? జర సీదా చూడు!"

"సీదా అందరు చూస్తరు బిడ్డా. గిదేంది, రంగు గిట్ల ఎనుకదాక కారింది?"

కారింది. మొదటి సాఫ్ట్‌వేర్ ఇంకును దానధర్మంలా పోయిస్తోంది. ఆ మెరుపంతా దాని పుణ్యమే. ఆవిరి పట్టి ఉతికేసరికి నెమలికన్నులు ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి. రెండోదానివి ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మాన్ గయే కాకా," అని ఓటమి ఒప్పేసుకుంది సంధ్యారాణి.

సేఠ్ రెండోదే కొన్నాడు. నెల తిరక్కముందే కొత్త మిషన్ దిగింది. దానికి కొబ్బరికాయ కొట్టింది లింగమూర్తే.

ఆ ఆదివారం అతడు దాని మీద అచ్చయిన మొదటి చీర పట్టుకుని నవాగామ్ వెళ్లాడు. చీరను సోమలింగం భార్య ఐలమ్మకు పెట్టి, గురువు కాళ్లు మొక్కాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో సగం అప్పటికే మరిచిపోయాడు.

"అంత నీ పున్నెమే మామా. నువ్వు తిరగేసుడు నేర్పకుంటె నేనియ్యాల మళ్ల మగ్గం కాడ్నే ఉందును. బట్ట గుణం ఎనుకనే తెలుస్తదని నీకు గప్పుడే ఎట్ల తెలిసె?"

సోమలింగం తన భార్య చేతిలోని చీర అందుకుని, అలవాటుగా తిరగేసి, కాసేపు చూశాడు.

"గుణం లేదు గినం లేదురా. మన మగ్గం కింద నూనె కారుతుండె. మరకలున్నయేమోనని చూసేటోణ్ణి."