కుడివైపు ముక్కలు

“...నువ్వే నోరు మూసుకుని వచ్చేస్తే ఇంకెవరేం చేస్తారు?”

“ఏం చెయ్యమంటావ్? మీ నాన్న చెప్పినట్టే పరిచానని పదిమందిలో అనమంటావా?”

వంటింట్లో కొడుకు, కోడలు. గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. అయినా గోడకి ఇవతల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న మాస్టరుకి ప్రతి మాటా వినబడింది. ఒక చెంప మీద నురగ అలాగే ఆరిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఒకే కుట్టు కార్ఖానాలో కటింగ్ మాస్టరు. ఆయన గీత గీస్తే మళ్లీ టేపు పెట్టి చూసినవాళ్లు లేరు. కోడలికి అక్కడ పని ఇప్పించింది కూడా ఆయనే. బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరచడం ఆమె పని. ఎలా పరచాలో చెప్పి, గీసి, మిషనుతో కోసేది మాస్టరు.

మొన్న గురువారం హోటలు సిబ్బంది కోట్లకి ఉన్నట్టుండి గుడ్డ మార్చారు. పాత గుడ్డ రెండువైపులా ఒకేలా ఉండేది. అన్ని పొరలూ ఒకేలా పరిచి కోసినా, సగం ముక్కలు తిరగేస్తే ఎడమవైపుకి సరిపోయేవి.

“మామయ్యా, దీనికి మెరుపు ఒకవైపే ఉంది. మెరుపులు ఎదురెదురుగా వచ్చేలా పొరలు పరచనా?” అంది కోడలు.

ఆయన తలెత్తలేదు. “గుడ్డ మారితే నా చేతులు మారతాయా? ఎప్పటిలాగే పరిచెయ్.”

మధ్యాహ్నానికి కోటు ముందుభాగానికి నూట ఇరవై ముక్కలు తెగాయి. అన్నీ కుడివైపువే. తిరగేస్తే మెరుపు లోపలికి పోతోంది.

“ఒంటిపక్క మనుషులెక్కడైనా ఉంటే చెప్పండి మాస్టారూ, కొలతలు తీసుకొస్తా,” అన్నాడు కాజాలు కుట్టే అతను. అందరూ నవ్వారు. ఓనరమ్మ నవ్వలేదు.

“ఎవరు పరిచారిది?”

“అమ్మాయి పరిచింది,” అన్నాడు మాస్టరు.

ఆ మాటలో అబద్ధం లేదు. ఇంటికొచ్చే దారంతా తనకి తను అదే చెప్పుకున్నాడు. రేపట్నుంచి రావద్దని ఓనరమ్మ అన్నప్పుడు కోడలు ఆయనవైపు ఒక్కసారి చూసింది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే, “ఇంకొంచెం వడ్డించనా మామయ్యా?” అని అడిగింది. కంచం విసిరికొట్టినా బావుండేది. ఆయన సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మాస్టరు ఆరిన నురగ కడుక్కున్నాడు. రెండో చెంప గీసుకోనే లేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“బయల్దేరమ్మా, కార్ఖానాకి.”

“నన్ను రావద్దన్నారుగా మామయ్యా.”

“తెలుసు. పద.”

మిషన్లు అప్పుడే మొదలయ్యాయి. ఓనరమ్మ కోత బల్ల దగ్గరే ఉంది. ఆ కుడివైపు ముక్కలు ఇంకా బల్ల చివర కట్టగా పడున్నాయి. మాస్టరు మెడలోని టేపు తీశాడు. చుట్టాడు.

“మెరుపు ఒకవైపే ఉందని అమ్మాయి ముందే చెప్పింది. ఎప్పటిలాగే పరచమన్నది నేను,” అన్నాడు, అందరికీ వినబడేలా. టేపు ఓనరమ్మ ముందు పెట్టాడు. “ఇవాళ్టి నుంచి కోత తనది. గుడ్డ నేను పరుస్తాను.”