సలాం కొట్టు, తౌబా చెప్పు

పంజాగుట్టలో మా ఆఫీసు మెట్రో లైను పక్కనే ఉంటుంది. రైలు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. నిన్న ఆ వణుకు మధ్యలోనే, కొత్తగా చేరిన కావ్య బల్ల దగ్గర కీబోర్డు టక్కుమంది. వెంటనే ఆ అమ్మాయి తనలో తాను అనుకున్న మాట వినిపించింది. "సలాం." అంటే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి, చేసిన పని భద్రం చేసుకుందన్నమాట. ఆ మాటను ఈ ఆఫీసుకు తెచ్చింది నేను. నాకిచ్చింది మాత్రం అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్పిన నుస్రత్ మేడం.

ఒంగోలు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగిన కొత్తలో ఆటో తిరగబడి నా కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని మణికట్టు తిరగడం మానేసింది. వేళ్లు కదిలేవి, మౌస్ పట్టుకుంటే మాత్రం ప్రాణం పోయేది. "ఇంటికొచ్చెయ్ తల్లీ, ఆ చేత్తో ఉద్యోగమేంటి?" అని నాన్న ఫోన్లో ఒకటే పోరు. ఉద్యోగం రాకపోతే వెళ్లక తప్పదు. నాకేమో వెళ్లాలని లేదు. ఏ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినా నా చెయ్యి చూసి "తగ్గాక రండి" అనేవాళ్లు. తగ్గేదైతే కదా!

నుస్రత్ మేడం క్లాసు టిఫిన్ సెంటర్ పైన మేడ గదిలో జరిగేది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూశారు.

"వేళ్లు ఆడుతున్నయా బేటా?"

"ఆడతాయండి."

"మరి ఫికర్ ఏంది? చూహాతో ఏం పని నీకు?"

ఆవిడ భాషలో చూహా అంటే ఎలుక, అదే మౌస్. మర్నాడు వెళ్లేసరికి క్లాసులో ఒక్క బల్ల మీదా మౌస్ లేదు. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలంతా గోల. "చేయి ఎత్తి దాన్ని దేవులాడేటంతల సగం పని అయితది. కీబోర్డు మీదకెల్లి చేయి తియ్యకుండ్రి," అన్నారు మేడం, నా వైపు చూడనైనా చూడకుండా. నాకు మాత్రం చురుక్కుమంది. జాలి నాకు గిట్టదు. క్లాసయ్యాక నిలదీశాను.

"నా కోసం అందర్నీ ఎందుకండీ ఇబ్బంది పెట్టడం?"

"నీ కోసమని ఎవరన్నరు? జర ఆగి చూడు, వాళ్లే చూహా అడుగరు."

ఆవిడ నేర్పిన ప్రతి కీకీ ఒక ముద్దు పేరుండేది. ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే తెరిచి ఉన్న మరో ఫైలుకు వెళ్తాం కదా, దాన్ని "పక్కింటికి పో" అనేవారు. ఎస్ సలాం. చేసిన తప్పును వెనక్కి తీసుకునే కంట్రోల్ జడ్ తౌబా, అంటే తప్పయిందని దేవుడి ముందు చెంపలేసుకోవడం. జడ్‌కు తౌబా ఏంటండీ అంటే, "ఆఖరి అక్షరం గదా, ఆఖరికి అందరు చెప్పేది గదే," అని పకపకా నవ్వేవారు.

ఈ ఆఫీసులో ఉద్యోగానికి పరీక్ష పెట్టిన రోజు, పెద్ద పట్టిక ఇచ్చి తప్పులు సరిచేయమన్నారు. మౌస్‌ను పక్కకు నెట్టి మొదలుపెట్టాను. హాయిగా సాగిపోతోంది అనుకుంటుండగా వేలు జారి వరుసకు వరుసే మాయమైంది. ఒంగోలు బస్సు కళ్లముందు కనపడింది. "తౌబా!" అని గట్టిగా అరిచేశాను. అరుపుతోపాటే వేళ్లు కంట్రోల్ జడ్ నొక్కేశాయి. వరుస మళ్లీ ప్రత్యక్షం. అదే ఊపులో "సలాం!" అంటూ ఎస్ కొట్టాను. గదంతా నా వైపు తిరిగింది. మేనేజర్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఎవరికి సలాం చేస్తున్నవమ్మా?"

"మా మేడం గారికండీ. చూహా ముట్టకుండా పని నేర్పింది ఆవిడే."

ఆయన కాసేపు నా వేళ్లనే చూశారు. "చూహా ముట్టనే లేదు గదా! మస్తు చేస్తున్నవ్. కానియ్."

చూహా అన్న మాట ఆయన నోట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. పరుగున వెళ్లి మేడంకు చెబితే, ఆవిడ బీరువా తాళం తీసి క్లాసు వైపు తిరిగారు. "మా బిడ్డకు కొలువు దొరికింది. ఇగ తీస్కపోండ్రి మీ చూహాలు!" ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. అందరి చేతులూ కీబోర్డుల మీదే ఉన్నాయి. మేడం నా వైపు చూసి కనుబొమ్మలెగరేశారు. అంత గర్వంగా నేను ఇంకెప్పుడూ నిలబడలేదు.

మేడం ఇప్పుడు లేరు. మా విభాగానికి పెద్దను నేనే. నా బల్ల మీద ఇప్పటికీ మౌస్ ఉండదు. నిన్న కావ్య ఉండబట్టలేక అడిగింది.

"ఇంతకీ ఈ సలాం ఎవరికి మేడం?"

చెప్పాను, అంతా చెప్పాను. ఆ పిల్ల స్క్రీన్ వైపు తిరిగి టక్కున నొక్కింది.

"సలాం, నుస్రత్ మేడం."