సముద్రం దగ్గర పోయిన ఎరుపు

ఆ పొద్దు బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున, చేపలు ఎండబెట్టే నాగమ్మను ఎండలో కూర్చోబెట్టి బొమ్మ వేస్తున్నాను. ఆమె కట్టింది ఎర్ర చీర. నాకది తడిమట్టిలా కనిపించింది. అట్లాగే వేశాను. చూసి పకపకా నవ్వింది.

"ఏంటి టీచరమ్మా, నాకు బురద చీర కట్టావు?"

నేను వనపర్తిలో డ్రాయింగ్ టీచర్‌ను. మా ఎండ పొడిగా కొడుతుంది, నీడకు అంచు కత్తిలా ఉంటుంది. సముద్రం దగ్గర తేమ రంగుల్ని కలిపేస్తుంది, గడ్డం కింది నీడలోకి నీలం దిగుతుంది. అది నేర్చుకోవడానికే ప్రతి వేసవీ పోయేదాన్ని. అందుకే నాగమ్మకు పాఠం చెప్పాను. "నీళ్ల మెరుపు ఎరుపును చంపుతుంది. నీకు తెలియదులే."

"చీర నాది టీచరమ్మా!" అంది.

అప్పటికి నెలల తరబడి మెడలో గడ్డకు మందులు మింగుతున్నాను. గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేసి, లింఫ్ నోడ్ టీబీ అన్నారు. మాత్రల్లో ఇథాంబుటాల్ ఒకటి. దానికీ కంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇంటికొస్తే నా గద్వాల చీర అంచు కూడా మట్టి రంగే. ఎండలో ఆరేసి పాడుచేశావని మా ఆయన మీద లేచాను.

"గింత ఎర్రగుంటే కనవడ్తలేదా నీకు? కండ్లకేమన్న అయిందేమో, దవాఖానకు పోదాం పా."

"రంగుల సంగతి నీకేం తెల్వదు, ఊకో."

మాత్రలు మింగుతూనే ఉన్నాను. నల్లబల్ల మీద నేను రాసిన అక్షరాల మధ్యభాగం మాయమయ్యాక కర్నూలు పోయాం. కళ్ల డాక్టర్ రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదవమన్నాడు. చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఆప్టిక్ న్యూరోపతి, కంటి నరం దెబ్బతింది. ఆ ఇథాంబుటాల్ వల్లే. ఇవ్వాళే ఆపించాలి. రంగు తేడా అనిపించిన రోజే రావాల్సింది మేడమ్."

"ఆ మాట మాత్ర రాసిన రోజే చెప్పాల్సింది డాక్టర్."

రాసింది ఆయన కాదు. అయినా తల దించుకున్నాడు. దానివల్ల నా కంటికి ఒరిగిందేమీ లేదు.

మందు మార్చారు. గడ్డ కరిగింది. అదృష్టవంతురాలివన్నారు చుట్టాలు. నల్లబల్ల మీది అక్షరాలు తిరిగొచ్చాయి, ఎరుపు రాలేదు. "కొన్నాళ్లు చూద్దాం" అంటూ వచ్చిన డాక్టర్ చివరికి "ఇక ఇంతే అనుకోండి" అన్నాడు.

మరుసటి వేసవి మళ్లీ నాగమ్మను కూర్చోబెట్టాను. మా ఆయన పక్కన నిలబడి రంగు ట్యూబుల మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివాడు. "గిది ఎరుపు. గిది పచ్చ." చీర వేయగలిగాను. కానీ చెంప మీద ఎండ ఎక్కడ ఎరుపెక్కుతుందో ఏ ట్యూబు మీదా రాసి ఉండదు. గుడ్డతో బొమ్మలో ముఖమంతా తుడిచేశాను.

"తుడిచేశావేంటి? ఈసారి చీర బాగానే కట్టావుగా!" అంది నాగమ్మ.

మళ్లీ సముద్రానికి పోలేదు. బడిలో పిల్లలకు బొగ్గుతో గీతలు నేర్పుతున్నాను. నలుపూ తెలుపూ కూడా కళే కదా అని ఓదార్చేవాళ్లను మా గడప తొక్కొద్దన్నాను.

ఇథాంబుటాల్ వాడేవాళ్లకు ఒక్కటే చెప్తాను. రోజూ ఒక్కో కన్ను మూసి, ఒకే ఎర్ర వస్తువును చూడండి. మసకబారితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోండి, మాత్రలన్నీ మీ అంతట మీరే మానేయకండి. పక్కవాళ్లను కూడా అడగండి. వాళ్లు ఎరుపంటే, వాదించకండి.