కండువా అంచు, కాలే తీగె

కథలాపూర్ల కాయిల్ దేవయ్య ఇల్లు ఏదని అడిగితే చిన్న పిలగాండ్లు సుత చూపిస్తరు. ఆ దేవయ్యను నేనే. మా తాత కల్లు గీయ తాళ్లెక్కిండు, మా నాయిన ఎక్కిండు, మీసాలు గట్టిపడేదాక నేను సుత మోకు భుజానేసుకొని తిరిగిన. చదివింది ఊరి బడిల ఏడో తరగతి. అయినా ఊళ్లె ఇస్త్రీపెట్టె చెడినా, నీళ్ల హీటర్ కాలినా నా గడపకే తెచ్చిన్రు, ఇప్పటికీ తెస్తున్నరు. మల్లాపూర్ల చాయ్ హోటల్ కరెంటు పొయ్యికి నేను చుట్టిన కాయిలు ఓనరు మారినా మారలేదు. వెల్గటూర్ల ఒకాయనకు కోడిగుడ్లు పొదిగే పెట్టె చేసిచ్చిన. మొదటిసారే గుడ్లన్నీ పిల్లలైనయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి గుడ్డుది తప్పు, పెట్టెది కాదు. పెండ్లి మండపాల మీద పేర్లు కోసే థర్మకోల్ తీగెకత్తిని ఈ చుట్టుపక్కల మొదట చేసింది సుత నేనే.

ఇన్ని చేసినోన్ని, పోయిన ఎండకాలం సిరిసిల్లల ఒక సన్న తీగె ముప్పుతిప్పలు పెట్టింది.

మా బిడ్డ సౌమ్యను సిరిసిల్లకే ఇచ్చినం. అల్లుడు సతీశ్ ఆటో నడుపుతడు. బిడ్డ చాలా ఏండ్లు బీడీలు చేసింది. మెడలు గుంజుతున్నయని అది ఇడిసిపెట్టి, చిన్న షెడ్డు కిరాయికి తీసుకొని, పాలిస్టర్ బట్టతోని జెండాలు, కండువాలు కోసి అమ్ముడు మొదలువెట్టింది. జగిత్యాల దుకాణందారు సంపత్ కొండగట్టు జాతరకు కాషాయం కండువాలు కావాలన్నడు. షెడ్డుకు అదే మొదటి పెద్ద పని. తీరా కత్తెరతోని కోసిన నమూనా చూసి, గోటితోని అంచును ఇట్ల లాగిండు. దారాలు జరజర ఊడినయి. భక్తుల మెడల దారాలు వేలాడితే తన దుకాణం పేరు పోతదని, ఐతారం మళ్ల వస్తనని, అప్పటికి అంచు నిలవకపోతే వేరేకాడ చూసుకుంటనని చెప్పి పోయిండు.

బిడ్డ ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. అంచులన్నీ మడిచి కుట్టించుకుంట కూసుంటే జాతరే అయిపోతదట. చివరికి మెల్లగ, "నాయినా, ఈ పని పోతే మళ్ల బీడీల చాట ముందరేసుకునుడే" అన్నది. వస్తున్న బిడ్డా అన్న. పాలిస్టర్ అంటే నూలు కాదు, వేడి తగిలితే కరుగుతది. కాలే తీగెతోని కోస్తే కోసినకాడనే అంచు కరిగి అతుక్కుంటది, దారం ఊడదు. ఇది నాకు థర్మకోల్ కోసిననాడే ఎరుక.

తీగె కొరకు ముందుగాల కోరుట్ల పోయిన. అక్కడ స్ప్రింగు లెక్క చుట్టిన పొయ్యి కాయిళ్లే ఉన్నయి. గవి సాగదీస్తే వంకులు పోవు, వంకుల తీగెతోని కోస్తే బట్ట సుత వంకరే తెగుతది. అక్కడినుంచి జగిత్యాల పోయి, మోటర్లు చుట్టే సామాను అమ్మే హరిప్రసాద్ దుకాణంల అడిగితే రెండు రీళ్లు ముందట పెట్టిండు. ఏదైతే ఏంది మామా, రెండూ కాలేటియే కదా అని నవ్విండు. నేను జేబులకెళ్లి అయస్కాంతం తీసిన. ఒక తీగె దానికి అతుక్కున్నది. అది సుత మంచిగనే కాలుతది గని, ఒకసారి ఎర్రగ కాలి చల్లారినంక పెళుసైతది, వంచితే విరుగుతది. అతుక్కోనిది నైక్రోం. అదే కావాలన్న. మామా, నువ్వు ఈడ కూసుండు, నేను ఊరికి పోత అన్నడు హరిప్రసాద్.

శనివారం పొద్దుగాలనే షెడ్డుల పని మొదలువెట్టిన. బల్ల మీద కర్ర చట్రం, రెండు దిక్కుల పింగాణి గుండ్లు, నడుమ తీగె. కరెంటుకు పాత బ్యాటరీ చార్జర్లది ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన. ఇంటి కరెంటు నేరుగ తీగెకు ఇచ్చేటోడు మనిషి కాదు, యముడు. ఇది నేను ఎవరికైనా ముందుగాల చెప్పే మాట. ఇగ తీగెను బిగించుడు. తాళ్లెక్కేటోని పాణం ముడి మీదనే ఉంటది, ముడి వేసుట్ల నన్ను మించినోడు లేడు. రెండు దిక్కుల గుంజి కట్టి వేలితోని మీటితే ఏకతార లెక్క మోగింది.

స్విచ్ ఏసినం. తీగె కాలింది, కాలంగనే వదులై నడుమ కిందికి జారింది. కండువా అంచు పాము పోయినట్టు వంకర తెగింది. చల్లారినంక ఇంకింత గుంజి కట్టిన. కాలంగనే మళ్ల జారింది. మూడోసారి పాణం పెట్టి గుంజితే టప్పున తెగి నా చెయ్యి చట్రానికి తాకింది. సతీశ్ మొఖం పక్కకు తిప్పుకున్నడు, నవ్విండో ఏడ్చిండో తెల్వదు. బిడ్డ మాత్రం తలుపుకాడి క్యాలెండర్ దిక్కు చూసింది.

అల్లుని తల్లి ఎల్లవ్వ గడపల కూసొని ఇదంతా చూస్తున్నది. ఆమె వయసంతా మరమగ్గాల కాడ దారం కండెలు చుట్టుట్లనే గడిచింది. సిరిసిల్లల వాటిని సాంచెలంటరు.

"అన్నా, తాడిచెట్టు సాగదు గనుక నీ ముడి నిలిచింది. ఇది వేడికి సాగే తీగె. సాగేదాన్ని కట్టేస్తే ఎట్ల?"

"ఇడిసిపెట్టుమంటవా చెల్లె?"

"సాంచెల పడుగు దారాలను ఎవరన్న ముడేసి కట్టేస్తరా? అవి చుట్టిన భీముకు బరువు వేలాడేస్తం. పడుగు ఎంత జరిగినా బిగువు బిగువే ఉంటది."

కాయిల్ దేవయ్యకు కండెలు చుట్టే ఆమె చెప్పుడేందని ఒక్క గడియ అనిపించింది. తీగె సాగితే గుంజి పట్టేటందుకు పోయి స్ప్రింగు తెస్తనన్న. తేపో, నువ్వొచ్చేదాక రేపు మేము సంపత్‌కు చాయ్ పోసి ఆపుతం అన్నది ఎల్లవ్వ. అందరికంటే ముందు మా బిడ్డనే నవ్వింది. ఫోన్ వచ్చినకాన్నుంచి నేను వినని నవ్వు అది. ఇగ స్ప్రింగు మాట ఇడిసిపెట్టిన.

ఎల్లవ్వ లోపలికి పోయి, ఎన్నడో అమ్ముకున్న సాంచెది మిగిలిన ఇనుప బరువు తెచ్చింది. నూనె పట్టి నల్లగ ఉన్నది. రీలుకెళ్లి కొత్త తీగె తీసి ఒక దిక్కు ఎప్పటి లెక్కనే కట్టిన. రెండో దిక్కు పింగాణిని చట్రానికెళ్లి ఇప్పి, దానికి సుతిలి కట్టి, గిలక మీదికెళ్లి బల్ల కిందికి బరువు వేలాడేసిన. స్విచ్ ఏస్తే బరువు ఒక వేలు మందం కిందికి దిగింది. తీగె గీత గీసినట్టు నిలబడ్డది. మొదట వేడి ఎక్కువై అంచు నల్లబడ్డది. తీగె ఎర్రబడకుండ వేడి తగ్గించిన. ఇగ బట్ట వెన్నల కత్తి దిగినట్టు తెగింది. ఆ వేడి కుదిరిచ్చింది మాత్రం నేనే, ఎల్లవ్వ కాదు.

ఐతారం సంపత్ వచ్చిండు. అంచును గోటితోని గుంజిండు, పంటితోని గుంజిండు. దారం రాలే. అయినా ఒప్పుకోలే. కరిగిన అంచు మెడకు గీరుకోదా అక్కా అని అడిగిండు. సౌమ్య నా దిక్కు చూసింది. నేను నోరు తెరిచేలోపల్నే ఎల్లవ్వ అందుకున్నది. "వేరేటోళ్ల మెడ ముచ్చట ఎందుకు కొడుకా, నీ మెడల ఏసుకొని చాయ్ తాగు."

ఏసుకున్నడు. చాయ్ తాగిండు, ఎండల ముచ్చట చెప్పిండు, కొండగట్టు తొవ్వల ట్రాఫిక్ ముచ్చట చెప్పిండు. సరే అక్కా, కొయ్యుండ్రి, జాతరకు ముందుగాల బండి పంపుత అని లేచి, బైకు స్టార్ట్ చేసి పోయిండు. మూల మలుపు తిరిగినంక సతీశ్ అన్నడు, కండువా మెడలనే ఉన్నది కదా అని. గీరుకుంటే తీసేటోడు గదా. మేమెవ్వలం వెనుకకు పిలువలే.

బిడ్డ రెండు కొత్త కండువాలు కోసుకొచ్చింది. ఒకటి నాకని తెలుసు, మెడ వంచి నిలబడ్డ. ఆమె నన్ను దాటిపోయి మొదటిది బల్ల కింద వేలాడే ఇనుప బరువుకు చుట్టింది. రెండోది నాకు కప్పింది.

తర్వాత కోరుట్లల మంచి స్ప్రింగు ఒకటి కొన్న. సిరిసిల్ల పోయినప్పుడల్లా సంచిల పెట్టుకొని పోత. ఎల్లవ్వ దాన్ని సంచిలకెళ్లి తియ్యనియ్యదు. షెడ్డు చూడ వచ్చినోళ్లకు ముందుగాల బల్ల కింద బరువు చూపిచ్చి, పైన తీగె మా అన్న పనితనం అని చెప్తది. గంత చాలు.