పందిని నిలేసే కుక్క

మా అన్న మీద నాకు ఇప్పటికీ కోపమే.

నూనె డబ్బుతో దోహాలో ఎటు చూసినా భవనాలు లేస్తున్న రోజులవి. ఊళ్ళోవాళ్ళకు మాత్రం గల్ఫ్ అంతా దుబాయే. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే వాడలో ఒకే గదిలో ఇరుకుగా ఉండేవాళ్ళం. చదువురాని ఇళ్ళకు ఉత్తరాలెందుకని క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద పోయేవాడి చేతికిచ్చేవాళ్ళం. వచ్చేవాడు ఇంటి క్యాసెట్ తెచ్చేవాడు. శుక్రవారం టేప్ రికార్డర్ చుట్టూ చేరి అందరి కష్టసుఖాలూ అందరం వినేవాళ్ళం.

ఒకసారి మా అన్న అడవిపందుల కాపలాకు మక్కజొన్న చేనులో మంచె మీద కూర్చుని మాట్లాడి పంపాడు.

"తమ్మీ, ఈ బక్క కుక్క ఉత్తగ మొరుగుతది. పందిని పట్టది. నువ్వు దుబాయ్‌ల ఉంటే మన ఇంట్ల గిసొంటి కుక్కనా? నలుగురు నవ్వుతున్నరు. పెద్ద జాతి కుక్కను తెస్త."

వెనక నా కుక్క మొరుగుతూనే ఉంది. మొదట అటూ ఇటూ, తర్వాత ఒకే చోట, ఆగకుండా, ఒకే తీరుగా. మా అన్న మాట ఆపి "నోర్ముయ్" అని దాన్ని కసిరాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకే చోట మొరుగుతోందంటే అక్కడ పందిని నిలేసిందన్నమాట. అలాంటి కుక్క పంది కోరలకు అందనంత దూరంలో చుట్టూ తిరుగుతుంది. పంది కదిలితే వెనక కాలు కొరికి తప్పుకుంటుంది. మనుషులు బరిసెలతో వచ్చేదాకా వదలదు. కుందేలు అడ్డొచ్చినా చూడదు. పిల్లప్పటి నుంచి దాన్ని అడవికి తిప్పి పెంచింది నేను. మంచె దిగి చూడని మనిషి దాన్ని పనికిరానిదంటాడా?

"ఎవలకు ఇయ్యకు, మంచె దిగి చూడు" అని క్యాసెట్ పంపాను. అది చేరేసరికే కుక్కను ఆవలి ఊరివాళ్ళు తోలుకుపోయారట. తర్వాతి క్యాసెట్ మొదట్లో అన్న గొంతులో గర్వం: "కొత్తది అస్సలు మొరగది తమ్మీ." అదే క్యాసెట్ రెండోవైపు కొన్నాళ్ళ తర్వాత నింపినట్టుంది, గొంతు తగ్గింది. కొత్త కుక్క చప్పుడు లేకుండా పంది మీద పడిందట, పంది దాని కడుపు చీల్చిందట, చేను సగం పోయిందట. పైన పటారం, లోన లొటారం. నా కుక్క ఊసు మాత్రం ఎత్తలేదు.

నా పక్క మంచం మీది తాపీమేస్త్రీది మా పక్క ఊరే. ఆ తర్వాత ఒక శుక్రవారం వాళ్ళమ్మ క్యాసెట్ పెట్టాడు.

"కొడుకా, ఈసారి మక్క మొత్తం ఇంటికొచ్చింది. ఎవలో వద్దన్న కుక్కను మీ నాయిన తెచ్చిండు. పందిని కదలనియ్యది. గని పేరు తెల్వది. ఏమని పిలిచినా తల తిప్పది."

ఆమె మాటల వెనక మొరుగుతోంది. ఒకే చోట, ఒకే తీరుగా.

"ఈ కుక్క లొల్లేంది, జర ముందుకు తిప్పుత" అని మేస్త్రీ బటన్ మీద చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యి. ఆడ పంది నిలవడ్డది" అన్నాను.

దానికి తిండి పెట్టే ఇల్లు దొరికిందన్న సంతోషం కంటే, అది మా ఇల్లు కాదన్న ఉక్రోషమే నాకు ఎక్కువ. మేస్త్రీకి అంతా చెప్పాను. అతను వాళ్ళమ్మకు జవాబు మాట్లాడాక, అదే క్యాసెట్‌లో నేను నా కుక్కను పేరు పెట్టి పిలిచాను. ఊళ్ళో పిలిచినట్టే, గట్టిగా.

మా అన్నకూ ఒక క్యాసెట్ పంపాను. రెండు వైపులా రికార్డర్ తిప్పాను, ఒక్క మాట మాట్లాడలేదు. మొరగనివాటినే మెచ్చుకునే మనిషి కదా, విననీ.