ముత్యాలయ్య మంత్రించిన నీళ్లు

వెంకటాచలంలో పుట్టి పెరిగిన నవోమి, నర్సింగు చదివి, ఇరవై మూడో ఏట చిట్టమూరు మండలంలోని ఒక చిన్న పల్లెలో, డాక్టరు లేని ఆరోగ్య కేంద్రానికి ఉద్యోగానికి వచ్చింది. ఆ పల్లెలో జ్వరానికి మాత్ర వేసుకుంటారు గానీ, పాము కరిస్తే ముత్యాలయ్య దగ్గరికే పోతారు. ఆయన చెంబెడు నీళ్లు మంత్రించి తాగిస్తాడు.

ఆమె వచ్చిన నెలకే ఆదెయ్యని పొలంలో నాగుపాము కరిచింది. నవోమి పరుగున పోయి, ఆసుపత్రికి తీసుకుపోదామని బతిమాలింది. ఎవరూ వినలేదు. నీళ్లు తాగిన ఆదెయ్య సాయంత్రానికి లేచి కూర్చుని అన్నం తిన్నాడు.

"కరిచిన ప్రతిసారీ పాము విషం వదలదు. ఆయనకి విషం ఎక్కలేదు, అంతే" అని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. జనం నవ్వారు.

కామమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె కూతురు దుర్గ పదో తరగతి. రోజూ లెక్కలు చెప్పించుకోవడానికి నవోమి దగ్గరికి వచ్చేది. ఒక మధ్యాహ్నం వామిలోంచి గడ్డి లాగుతుంటే దుర్గ చేతిని పాము కాటేసింది. కామమ్మ బిడ్డని తిన్నగా నవోమి దగ్గరికే తెచ్చింది.

"నర్సమ్మా, ముత్యాలయ్య కాడికి పోలా. నిన్నే నమ్మినా."

నవోమి ఆటో పిలిచింది. పాము విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి గంటంబావు ప్రయాణం. సగం దారిలో దుర్గ రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, ఊపిరి ఆగింది. ఆ పిల్ల నోటికి నోరు ఆనించి నవోమి ఆసుపత్రి గేటు దాకా ఊదుతూనే ఉంది. డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

కామమ్మ తిట్టలేదు. "ఆ నీళ్లు ఒక్క గుక్క తాగించి తెచ్చినా బతికేదేమో" అని మాత్రం అంది. నవోమి దగ్గర ఆ మాటకి జవాబుంది. ఆమె దుర్గ జుట్టు సర్దింది.

ఆ తర్వాత జనం బీపీ మాత్రలకి కూడా ఆమె దగ్గరికి రావడం మానేశారు. ఆఖరికి నవోమే ముత్యాలయ్య ఇంటికి వెళ్లింది.

"పెద్దాయనా, నీళ్లు తాగిస్తే తాగించండి. వెంటనే ఆసుపత్రికి పొమ్మని కూడా చెప్పండి. మీ మాటైతే వింటారు."

ముసలాయన చేతిలోని చెంబు పక్కన పెట్టాడు.

"నా పెద్దకొడుకు పాము కరిచే పోయినాడు తల్లీ, ఈ చేతుల్లోనే. మంత్రం పన్జెయ్యలా. నాకు తెలవదా? నా నీళ్లు ఊళ్లో ఉండాయి. నీ మందు యాడుంది? దోవలో చావరని మాటియ్యి, పంపిస్తా."

నవోమి మాటివ్వలేకపోయింది. విరుగుడు మందు తన కేంద్రంలోనే ఉంచమని ఆమె పైఅధికారులకి రెండుసార్లు అర్జీ రాసింది. డాక్టరు లేని చోట ఉంచడం కుదరదన్నారు.

ఆ వానాకాలం పల్లెలో ఇద్దరిని పాములు కరిచాయి. ఒకడు పోయాడు. పాడె కేంద్రం ముందు నుంచి పోతుంటేనే ఆ సంగతి నవోమికి తెలిసింది.